మారుమూల ప్రయాణం, చిన్న బడ్జెట్: ఆఖరి వంద కిలోమీటర్లకి ప్లాన్ వేసుకోవడం ఎలా

విమానం టికెట్ చౌకగా దొరికితే సగం పని అయిపోయిందనుకుంటారు చాలామంది. మారుమూల ప్రయాణంలో డబ్బు కరిగేది ఆ తర్వాతే. విమానం దిగి, రైలో బస్సో పట్టుకుని, ఇక రోజూ తిరిగే బండంటూ లేని ఊరికి చేరాక అసలు ఖర్చు మొదలవుతుంది. ఆ ఆఖరి వంద, రెండు వందల కిలోమీటర్లకి జీపు మొత్తం మాట్లాడుకోవాల్సి వస్తే పర్సు సగం ఖాళీ. అందుకని చోటు ఎంచుకునే ముందే ఒక్క ప్రశ్న వేసుకోండి: అక్కడ ఉండేవాళ్ళకి పిండి, మందులు, ఉత్తరాలు ఎలా చేరుతున్నాయి? వారానికోసారైనా ఒక ఓడో, జీపో, బస్సో వాళ్ళ కోసం తిరుగుతుంటే అందులో మీకూ ఒక సీటు ఉంటుంది. లేకపోతే ఆ చోటుని ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి.

ఈ జల్లెడ పట్టగానే కొన్ని పెద్ద పేర్లు రాలిపోతాయి. దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డా కూన్యాలో విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే వెళ్ళే ఓడలో వారం పడుతుంది, ద్వీప పాలకమండలి నుంచి ముందే అనుమతి రావాలి. తిరుగు ఓడ ఎప్పుడుంటే అప్పటిదాకా అక్కడే ఉండాలి. భూటాన్‌లో చాలా దేశాల పర్యాటకులు రాత్రికి 100 డాలర్ల రుసుము కట్టాలి, గది, భోజనం దానికి అదనం. ఇలాంటివి డబ్బు కూడబెట్టుకుని వెళ్ళే చోట్లు. చిన్న బడ్జెట్‌లో వీటినే పట్టుకుని వేలాడితే ఆశ మిగులుతుంది, ప్రయాణం జరగదు.

జల్లెడలో నిలిచేవాటిలో ముందు చెప్పాల్సింది అలాస్కా తీరం. అక్కడి చాలా ఊళ్ళకి రోడ్డే లేదు, 1963 నుంచి ప్రభుత్వ ఫెర్రీలే వాటికి రోడ్డు. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో ఎక్కితే కెచికాన్ చేరడానికి ఒకటిన్నర రోజు దాటుతుంది. కేబిన్ తీసుకోనక్కర్లేదు, మామూలు ప్రయాణికుడి టికెట్ చాలు. పై డెక్ మీద టెంట్ వేసుకోనిస్తారు. ఇనుప నేలలో మేకులు దిగవు కాబట్టి టెంట్ మూలల్ని డక్ట్ టేప్‌తో అతికిస్తారు. మేకుల అవసరం లేకుండా తనంతట తాను నిలబడే రకం టెంటే దీనికి పనికొస్తుంది. టేప్ పూర్తి రోల్ ఒకటి తీసుకెళ్ళండి. ఎక్కగానే నేల తుడిచి, ఆరాక అతికించండి. తడి మీద అతికిస్తే ఓడ తీరం వదిలి గాలి అందుకున్న గంటలోనే ఊడి వస్తుంది. టెంట్ లేనివాళ్ళు అద్దాల పైకప్పు ఉన్న సోలారియంలో, పైన హీటర్లు వేసి ఉండగా, వాలు కుర్చీల మీద పడుకుంటారు. ఆ కుర్చీలు ముందు వచ్చినవాళ్ళవే. ఓడ ఎక్కగానే భోజనశాల వైపు కాకుండా పై డెక్ వైపు నడవండి.

చిలీలో కరెటెరా ఆస్ట్రాల్, అంటే 7వ నంబరు రోడ్డు, ప్వెర్టో మాంట్ నుంచి విల్లా ఓ'హిగిన్స్ దాకా సుమారు 1,240 కిలోమీటర్లు. మధ్యమధ్యలో రోడ్డు నీళ్ళలో ఆగిపోతుంది, అక్కడ ఫెర్రీ ఎక్కాలి. దక్షిణం చివర ప్వెర్టో యుంగాయ్ నుంచి రియో బ్రావో దాకా ఉన్న ఫెర్రీ ఉచితం. దారికి కాస్త పక్కగా కలేటా టోర్టెల్ ఉంది. ఆ ఊళ్ళో వీధులకి బదులు చెక్క నడవలు. బండి ఊరి మొదట్లోనే ఆగిపోతుంది, కాబట్టి చక్రాల సూట్‌కేసుతో వచ్చినవాళ్ళు మెట్ల మీద దాన్ని మోసుకోవాల్సిందే. జనవరి, ఫిబ్రవరి చిలీ వాళ్ళకి వేసవి సెలవులు. లిఫ్ట్ కోసం రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉంటారు, మీ వంతు రావడానికి పూట గడిచిపోతుంది. మార్చిలో ఆ రద్దీ తగ్గుతుంది, వాతావరణం ఇంకా చేతిలోనే ఉంటుంది. ఎటీఎం మీద భరోసా పెట్టుకోగల ఆఖరి పెద్ద ఊరు కొయ్‌హైకే. దక్షిణానికి దిగే ముందు అక్కడే డబ్బు తీసుకోండి. ఇంకో మాట: చిలీ సరిహద్దులో పళ్ళు, కూరగాయలు, మాంసం, తేనె లోపలికి రానివ్వరు. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క ఆపిల్‌కి కూడా జరిమానా పడుతుంది. ఫారం మీద 'ఉంది' అని రాసి చూపిస్తే తీసి పారేసి పంపేస్తారు, దాచిపెడితేనే తంటా.

డబ్బు పెట్టి గది తీసుకోకుండా, నడిచి తిరగగలిగేవాళ్ళకి మరో మూడు చోట్లు. స్కాట్లాండ్‌లో బోతీలు అనే పాత గొర్రెల కాపరుల ఇళ్ళున్నాయి. 1965లో పుట్టిన మౌంటెన్ బోతీస్ అసోసియేషన్ దాదాపు వంద ఇళ్ళని బాగుచేసి తలుపు తీసి ఉంచుతోంది, పడుకోవడానికి పైసా కట్టనక్కర్లేదు. లోపల కరెంటు, నీళ్ళు, మరుగుదొడ్డి, పరుపు ఏవీ ఉండవు. ముందుగా బుక్ చేసుకునే పద్ధతీ లేదు, నిండిపోయి ఉండొచ్చు, కనుక తేలికపాటి టెంట్ వెంట ఉండాల్సిందే. న్యూజీలాండ్ పరిరక్షణ శాఖ చేతిలో 950కి పైగా కొండ గుడిసెలున్నాయి. పేరున్న నడకదారుల మీద ఉన్నవి ఖరీదు, నెలల ముందే అయిపోతాయి. మిగతావాటిలో చాలావాటికి ఆరు నెలల పాస్ ఒకటి తీసుకుంటే సరిపోతుంది, మరీ చిన్నవి ఉచితం. మూడోది స్వీడన్ ఉత్తరాన కుంగ్స్‌లేడెన్ అనే నడకదారి, దాని గురించి కిందన విడిగా చెప్పాలి.

ఎక్కడికైనా సరే, డబ్బు కంటే ముందు రోజులు లెక్క వేయండి. మారుమూలలో బస్సు వారానికి రెండుసార్లు, పడవ గాలి ఒప్పుకున్నప్పుడు, కనుమ మంచు కరిగినప్పుడు. విల్లా ఓ'హిగిన్స్ నుంచి సరస్సు మీదుగా అర్జెంటీనా వైపు వెళ్ళే పడవ ఈదురుగాలికి రోజుల తరబడి కదలదు. నాలుగు ప్రయాణపు రోజులకి ఒక ఖాళీ రోజు, తిరుగు విమానానికి ముందు ఇంకో మూడు, ఇదీ మా లెక్క. రెండు వారాల సెలవులో మూడు మారుమూల చోట్లు ఇరికించినవాళ్ళు మొదటి ఆలస్యానికే జీపు మొత్తం మాట్లాడుకుంటారు, రెండోదానికి విమానం టికెట్ మార్చుకుంటారు. పొదుపు చేసిందంతా ఆ రెండు రోజుల్లో పోతుంది. ఒక్క చోటే పెట్టుకుని నెమ్మదిగా తిరగడం అన్నిటికన్నా చవక.

షేర్ బండి సంగతి

మధ్య ఆసియాలో, కాకసస్‌లో ఊళ్ళ మధ్య తిరిగేవి ఎక్కువగా మార్ష్రుత్కా అనే మినీ బస్సులు, షేర్ టాక్సీలు. వీటికి టైమ్‌టేబుల్ ఉండదు, నిండగానే కదులుతాయి. ముందురోజు సాయంత్రం బజారు దగ్గర బండ్లు ఆగే చోటికి వెళ్ళి మూడు సంగతులు కనుక్కోండి: రేపు ఎవరు వెళ్తున్నారు, ఎన్నింటికి, సీటుకి ఎంత. ధర డ్రైవర్ని కాక, మీరు దిగిన ఇంటివాళ్ళనీ, ఎక్కబోతున్న తోటి ప్రయాణికుల్నీ అడగాలి. వాళ్ళు చెప్పిందే అసలు రేటు. సీటు ధర, బండి ధర వేరువేరని గుర్తుంచుకోండి. 'ఎంత' అని మాత్రమే అడిగితే డ్రైవర్ బండి మొత్తానికి చెబుతాడు, మీరు సీటుకనుకుంటారు, దిగాక గొడవ అక్కడే. అంకె కాగితం మీద రాసి, పక్కన ఒక మనిషి బొమ్మ గీసి చూపిస్తే భాష రాకపోయినా తేలిపోతుంది. పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉండండి, పది దాటాక బండ్లు దొరకడం కష్టం. రెండు సీట్లు మిగిలి బండి కదలకపోతే, ఎక్కినవాళ్ళంతా ఆ రెండు సీట్ల డబ్బు పంచుకుంటే డ్రైవర్ బయల్దేరతాడు. బండి ఒక్కరే మాట్లాడుకోవడం కన్నా ఇది ఎంతో నయం.

ఈ బండ్లు ఎక్కడ ఆగిపోతాయో తెలియకపోవడమే పెద్ద పొరపాటు. తజికిస్తాన్‌లోని పామీర్ హైవే, ఎం41, దీనికి మంచి ఉదాహరణ. దుషాన్బే నుంచి ఖోరోగ్‌కి షేర్ జీపులుంటాయి, ఖోరోగ్ నుంచి ముర్గాబ్‌కీ ఉంటాయి. అందరూ చూడాలనుకునే వాఖాన్ లోయ ఖోరోగ్‌కి దక్షిణాన, అఫ్ఘానిస్తాన్ సరిహద్దు నది వెంబడి ఉంది. ఇష్కాషిమ్, లాంగర్ వైపు కూడా షేర్ బండి దొరుకుతుంది. లాంగర్ దాటాక 4,344 మీటర్ల ఖర్గుష్ కనుమ మీదుగా పెద్ద రోడ్డు కలిసేదాకా రోజూ తిరిగే బండి ఏదీ లేదు. ఆ ఖాళీ సంగతి తెలియక లాంగర్ దాకా వెళ్ళినవాళ్ళు ఎంతడిగితే అంత ఇచ్చి జీపు తీసుకుంటారు. మార్గాలు రెండే: లాంగర్ చూసి మళ్ళీ ఖోరోగ్ వచ్చి ముర్గాబ్ బండి ఎక్కడం, లేదా ఖోరోగ్‌లోనే మరో ముగ్గురు ప్రయాణికుల్ని కూడగట్టి ఆ ఒక్క ముక్కకే జీపు పంచుకోవడం. మీరు వెళ్ళే దారిని మ్యాప్ మీద ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క పక్కన 'బస్సు', 'షేర్', 'నడక', 'ఏమీ లేదు' అని రాసుకోండి. బడ్జెట్ అంతా ఆ 'ఏమీ లేదు' అన్న ముక్కలోనే ఉంటుంది.

పామీర్‌కి మామూలు వీసా ఒక్కటే చాలదు. పామీర్ ఉన్న గోర్నో బదఖ్షాన్ ప్రాంతానికి విడిగా పర్మిట్ కావాలి, ఈ-వీసాకి దరఖాస్తు చేసేటప్పుడే దాన్నీ అడగొచ్చు. కిర్గిజ్‌స్తాన్‌లో చైనా సరిహద్దు దగ్గర ఉన్న కెల్-సూ సరస్సు లాంటి చోట్లకి సరిహద్దు పర్మిట్ ఉండాలి, దానికి రోజులు పడతాయి. చెక్‌పోస్టు దాకా వెళ్ళి తెచ్చుకుందామంటే కుదరదు, వెనక్కి పంపేస్తారు. ప్రతి కాగితానికీ ఆరేడు జిరాక్సులు దగ్గర ఉంచుకుంటే సైనికులు ఒరిజినల్ పుచ్చుకుని పోయే అవసరం రాదు.

ఎత్తు

దారి ఏ వైపు నుంచి మొదలుపెడతారన్నది డబ్బుకి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది కానీ ఒంటికి సంబంధించింది. కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి పామీర్ ఎక్కితే ఒకటి రెండు రోజుల్లోనే 4,280 మీటర్ల కిజిల్-ఆర్ట్ కనుమ దాటి 3,900 మీటర్ల పైనున్న కరాకుల్ సరస్సు ఒడ్డున పడుకోవాల్సి వస్తుంది. తల పగిలిపోయే నొప్పి, వాంతులు అక్కడే. పైగా ఆ కనుమ దగ్గరున్న తజికిస్తాన్ సరిహద్దు ఒక్కోసారి విదేశీయులకి మూసి ఉంటుంది. దుషాన్బే వైపు నుంచి వస్తే 2,100 మీటర్ల పైనున్న ఖోరోగ్‌లో రెండు రోజులు, లోయలో ఇంకాస్త ఎత్తున రెండు రోజులు ఉండి ముర్గాబ్ చేరతారు. ఒంటికి అలవాటు పడే వ్యవధి దారిలోనే కలిసొస్తుంది.

3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకన్నా పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఎంత పైకెక్కినా దిగి వచ్చి పడుకుంటే ఫరవాలేదు. ఎత్తు పడక వచ్చే జబ్బుకి ముందే వేసుకునే అసెటజోలమైడ్ మాత్ర వాడాలనుకుంటే బయల్దేరకముందే డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళయితే ఆ సంగతి తప్పక చెప్పండి. మామూలు తలనొప్పికి ఎక్కడం ఆపి అక్కడే ఉంటే తగ్గుతుంది. నడక తూలుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా రాత్రనక పగలనక దిగిపోవాలి, మర్నాటిదాకా చూద్దామనకూడదు. చాలా ట్రావెల్ ఇన్సూరెన్సులు ఒక ఎత్తు దాటాక వర్తించవు. పాలసీలో ఆ అంకె ఎంతో, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో వెతికి చదవండి. ఇక్కడ మిగుల్చుకునే డబ్బు మాత్రం పొదుపు కాదు.

పడవలూ, వాగులూ

కుంగ్స్‌లేడెన్ ఉత్తరాన అబిస్కో నుంచి దక్షిణాన హేమావాన్ దాకా 440 కిలోమీటర్లకి పైనే. అబిస్కోకి స్టాక్‌హోమ్ నుంచి రాత్రి రైలు ఉంది, స్టేషన్ దగ్గరే నడక మొదలు. స్వీడన్‌లో ప్రకృతిని అందరూ వాడుకునే హక్కు ఉంది కాబట్టి, జాతీయ పార్కుల్లో ఉన్న నిబంధనలు పాటిస్తే, టెంట్‌లో పడుకోవడానికి డబ్బక్కర్లేదు. గుడిసెలు ఎక్కువగా 10 నుంచి 20 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. ఆగస్టు మధ్య దాకా దోమలు వదలవు, ఆగస్టు ఆఖరి వారాలు హాయి.

దారికి అడ్డంగా సరస్సులొస్తాయి. దాటడానికి తెడ్డు పడవలుంటాయి, ఒక్కో సరస్సుకి మూడు. రెండు ఒడ్డుల్లోనూ ఎప్పుడూ కనీసం ఒకటి మిగలాలి, అదీ నియమం. మీరొచ్చిన ఒడ్డున రెండు పడవలుంటే అదృష్టం, ఒకటి తీసుకుని దాటేయొచ్చు. ఒక్కటే ఉంటే లెక్క మారుతుంది. ఉన్న ఒక్క పడవలో అవతలికి వెళ్ళాలి, అక్కడున్న రెండిట్లో ఒకదాన్ని మీ పడవ వెనక తాడుతో కట్టి లాక్కుంటూ మొదటి ఒడ్డుకి తిరిగి రావాలి, దాన్ని అక్కడ వదిలి మళ్ళీ అవతలికి తెడ్డు వేయాలి. దాటడం ఒకటి, తెడ్డు వేయడం మూడుసార్లు. త్యూసాయౌరే సరస్సు 1 కిలోమీటరే కాబట్టి మూడు కిలోమీటర్లతో పోతుంది. సితోయౌరే 4 కిలోమీటర్లు, అంటే 12 కిలోమీటర్ల తెడ్డు పని, ఎదురుగాలైతే పూటంతా. ఒక్కరే ఉంటే వెనక కట్టిన పడవ గాలికి పక్కకి లాగుతుంది. అందుకని గాలి తక్కువగా ఉండే పొద్దున్నే మొదలుపెట్టండి, లేదా డబ్బు తీసుకుని దాటించే మోటారు పడవ వేళలు గుడిసెలో ముందే అడిగి పెట్టుకోండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, బ్యాగు నడుం పట్టీ విప్పేయండి. దిగాక పడవని నీటి గట్టుకి బాగా పైకి లాగి, బోర్లించి, కట్టేయాలి. కట్టకుండా వదిలిన పడవ రాత్రి గాలికి కొట్టుకుపోతే తర్వాత వచ్చినవాళ్ళు ఒడ్డున ఇరుక్కుపోతారు.

వాగుల తీరు వేరు. హిమానీనదం నుంచి వచ్చే నీళ్ళు పొద్దున తక్కువ, ఎండ ఎక్కి మంచు కరిగే కొద్దీ మధ్యాహ్నానికి ఉధృతి పెరుగుతుంది. జార్జియాలోని స్వానేటిలో మెస్టియా నుంచి ఉష్‌గులి దాకా నాలుగు రోజుల నడకలో అదీషి ఊరు దాటాక అలాంటి వాగే ఒకటి ఉంది. పొద్దున గుర్రాలవాళ్ళు వచ్చి డబ్బు తీసుకుని దాటిస్తారు, ఆలస్యంగా చేరితే వాళ్ళూ ఉండరు, నీళ్ళూ పెరిగి ఉంటాయి. గుర్రం లేని చోట నది ఇరుకైన చోటు కోసం వెతకకండి. నది వెడల్పై పాయలుగా చీలిన చోట నీళ్ళు లోతు తక్కువ. బూట్లు విప్పకండి, బ్యాగు పట్టీలు విప్పండి, ఎగువకి మొహం పెట్టి కర్ర ఊనుకుంటూ పక్కకి జరగండి. ఉరవడిగా ఉన్న నీళ్ళు మోకాలు దాటితే వెనక్కి వచ్చేయండి. వానకి పెరిగిన వాగు చాలాసార్లు మర్నాటికి తగ్గుతుంది, ఖాళీ రోజు పెట్టుకోమన్నది ఇందుకే.

సామాను, నీళ్ళు, డబ్బు

స్టౌ గ్యాస్ డబ్బాని విమానంలో ఏ బ్యాగులోనూ తీసుకెళ్ళనివ్వరు. దిగిన ఊళ్ళోనే కొనాలి, మధ్య ఆసియాలో అది పెద్ద నగరాల్లోనే దొరుకుతుంది. దుషాన్బేలో కొనకుండా ముర్గాబ్‌లో చూద్దామనుకుంటే వండుకోవడం ఉండదు. పెట్రోలు స్టౌ ఎక్కడైనా నడుస్తుంది కానీ, ఒకసారి వాడినదానికి ఇంధనం వాసన ఉంటే విమానాశ్రయంలో ఆపేస్తారు, సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టాలి. పవర్ బ్యాంకు 100 వాట్ అవర్ల లోపుది, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రాత్రి స్లీపింగ్ బ్యాగు లోపల పెట్టుకుని పడుకోండి. పక్కనే వాటర్ ఫిల్టరు కూడా. సన్నని గొట్టాల ఫిల్టరు ఒకసారి తడిసి గడ్డకట్టిందంటే లోపల గొట్టాలు చిట్లిపోతాయి, పైకి ఏమీ తెలియదు, మురికి నీళ్ళు అలాగే దిగుతాయి. మామూలు ఫిల్టరు వైరస్‌లని ఆపదు. ఊరికి దిగువ నీళ్ళయితే మరిగించాలి: 1 నిమిషం, 2,000 మీటర్ల పైన 3 నిమిషాలు.

డాలర్లు కొత్త సిరీస్ నోట్లే తీసుకోండి, చిరుగు, మరక, స్టాంపు ఉన్న నోటు చాలా దేశాల్లో మార్చరు. రెండు చోట్ల దాచండి, చిన్న నోట్లు విడిగా. ఇళ్ళలో దిగినప్పుడు ధర ముందే అడగండి. వాళ్ళు పెట్టే రొట్టెకి పిండి కూడా ఆ ఆఖరి వంద కిలోమీటర్లు దాటే వచ్చింది, బేరం అక్కడ వద్దు.

మ్యాప్‌లు ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎమ్ఆండ్ లాంటి యాప్‌లలో ముందే దించుకుని, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూసుకోండి. సిగ్నల్ లేని నడకలకి పీఎల్‌బీ, అంటే 406 మెగాహెర్ట్జ్ మీద అపాయ సందేశం పంపే చిన్న పరికరం మంచిది, నెలవారీ చందా ఉండదు, కానీ కొన్నాక మీ పేరున నమోదు చేయాలి. శాటిలైట్ పరికరాలకి కొన్ని దేశాల్లో అనుమతి తప్పనిసరి. భారత్‌లో అనుమతి లేని శాటిలైట్ ఫోనుతోనో, శాటిలైట్ మెసెంజర్‌తోనో పట్టుబడితే కేసవుతుంది. వెళ్ళే దేశం నియమం చూడకుండా బ్యాగులో వేసుకోవద్దు.

బయల్దేరే ముందు ఒక మనిషికి మీ దారి, గుడిసెల పేర్లు, బయటపడే తేదీ, దాని మీద ఖాళీ రోజులు ఎన్నో రాసివ్వండి. 'ఫలానా రోజు రాత్రి ఎనిమిదింటికి కబురు రాకపోతే ఈ నంబరుకి ఫోన్ చెయ్' అని అక్కడి రెస్క్యూ నంబరు కూడా అందులోనే రాయాలి. గుడిసెల్లో ఉండే పుస్తకంలో పేరు, తేదీ, తర్వాత ఎటు వెళ్తున్నారో రాయండి, వెతికేవాళ్ళు మొదట తెరిచేది దాన్నే. దారి మార్చుకుంటే ఆ మార్పూ రాయండి. బయటపడి సిగ్నల్ అందగానే మొదటి మెసేజ్ ఆ మనిషికే పెట్టండి.